జూలో అరుదు వేరు, అడవిలో అరుదు వేరు: దక్షిణ అమెరికా క్షీరదాల లెక్క

క్లుప్తంగా: దక్షిణ అమెరికా క్షీరదాల్లో కొన్ని అడవిలో కరువైనా జూల్లో నిలదొక్కుకున్నాయి. ఇంకొన్ని అడవిలో క్షేమంగానే ఉన్నా జూలో కనిపించవు. ఈ తేడాకు ప్రధానంగా మూడు కారణాలు: సరిహద్దు దాటడానికి కావలసిన అనుమతులు, జంతువు పొట్టకు పట్టే తిండి, బోనులో పిల్లల్ని కని పెంచగలగడం. ఈ మూడూ తెలిస్తే దేన్ని ఎక్కడ, ఏ వేళప్పుడు వెతకాలో తేలుతుంది.

పేరు తప్పిన జంతువు

1967 నుంచి 1976 దాకా రింగెర్ల్ అనే ఆడ జంతువు అమెరికా జూల మధ్య తిరుగుతూనే ఉంది. లూయీవిల్, టూసాన్, సాల్ట్ లేక్ సిటీ, వాషింగ్టన్‌లోని నేషనల్ జూ, న్యూయార్క్‌లోని బ్రాంక్స్ జూ అన్నీ దానికి ఇళ్లయ్యాయి. కొలంబియా నుంచి వచ్చిన దాన్ని అందరూ ఓలింగో, అంటే రకూన్ కుటుంబానికి చెందిన చెట్ల జంతువు, అనుకున్నారు. ఓలింగోలతో జతకట్టించాలని చూశారు, ఎంతకీ కుదరలేదు. స్వభావం మొండిదేమోనని కూడా అనుమానం కలిగింది. అసలు సంగతి 2013లో బయటపడింది. స్మిత్‌సోనియన్‌కు చెందిన క్రిస్టఫర్ హెల్గెన్ బృందం మ్యూజియంలలోని చర్మాలు, పుర్రెలు, డీఎన్‌ఏ పరిశీలించి, ఆండీస్ పర్వతాల మేఘారణ్యాల్లో ఓలింగీటో అనే వేరే జాతి ఉందని ప్రకటించింది. రింగెర్ల్ ఆ జాతిదే. దాని ముందుకు తెచ్చిన జంతువులన్నీ వేరే జాతివి.

అంటే అప్పటికి శాస్త్రం పేరు పెట్టని ఒక క్షీరదం దాదాపు పదేళ్లు జనం కళ్లముందే ఉంది. చూసినవాళ్లు ఓలింగో అన్న బోర్డు చదువుకుని ముందుకు సాగిపోయారు. జూలో అరుదైనదాన్ని చూడడానికి అది అక్కడ ఉంటే చాలదు, అదేమిటో కూడా తెలియాలి.

రెండు రకాల అరుదు

దక్షిణ అమెరికా కోట్ల ఏళ్లపాటు చుట్టూ సముద్రమున్న ద్వీపఖండం. సుమారు 30 లక్షల ఏళ్ల కిందట పనామా భూసంధి ఏర్పడి ఉత్తర అమెరికాతో కలిపేదాకా అక్కడి జంతువులు తమ దారిన తాము పరిణమించాయి. చెట్లకు వేలాడే స్లాత్‌లు, చీమలు తినే యాంట్‌ఈటర్లు, ఒంటికి పెంకున్న ఆర్మడిల్లోలు ఆ ఏకాంతంలో రూపుదిద్దుకున్న వంశాలు. దారి తెరుచుకున్నాక ఉత్తరం నుంచి కుక్క, పిల్లి, ఎలుగు, టాపిర్, జింక, ఒంటె కుటుంబాలు దిగాయి. దిగినవి అలాగే ఉండిపోలేదు. కుక్కల కుటుంబంలో ఒక కొమ్మ భుజం దగ్గర 90 సెంటీమీటర్ల ఎత్తున్న మేన్డ్ వుల్ఫ్ అయింది, మరో కొమ్మ వేళ్ల మధ్య చర్మమున్న పొట్టి కాళ్ల బుష్ డాగ్ అయింది. జింకల్లో మోకాలెత్తు పుడు వచ్చింది. రూపం ఎంత ప్రత్యేకమో తిండి, నడవడిక కూడా అంత ప్రత్యేకం. జూల ఇబ్బంది మొదలయ్యేది అక్కడే.

గోల్డెన్ లయన్ టామరిన్ బ్రెజిల్ తీర అడవిలోని చిన్న ముక్కల్లో మాత్రమే బతికే కోతి. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ ఎర్ర జాబితాలో ప్రమాదంలో ఉన్న జాతి. అయినా చాలా దేశాల జూల్లో కనిపిస్తుంది. ఉడత కంటే పెద్దగా ఉండని సిల్కీ యాంట్‌ఈటర్‌ది సరిగ్గా ఎదురు కథ. అదే జాబితా దాన్ని పెద్దగా ఆందోళన అక్కరలేనిదిగా చూపిస్తుంది. కానీ ఖండం బయటి జూలో దాన్ని చూడాలనుకోవడం దాదాపు అత్యాశే. పైగా 2017లో వచ్చిన ఒక పరిశోధన ఒక్కటే అనుకున్న ఆ జంతువును ఏడు జాతులుగా విడదీసింది. ఇప్పుడు ఏ జాతిని వెతకాలన్నదే మొదటి ప్రశ్న.

కాబట్టి 'అరుదైన' అన్న మాట వాడేముందు ఎక్కడ అరుదో చెప్పుకోవాలి.

మొదటి వడపోత: కాగితాలు

బ్రెజిల్ 1967లో తెచ్చిన వన్యప్రాణి చట్టం అడవి జంతువులను ప్రభుత్వ ఆస్తిగా ప్రకటించి, వాటి వేటనూ అమ్మకాన్నీ వ్యాపారంగా చేయడానికి వీల్లేకుండా చేసింది. అంతర్జాతీయ వన్యప్రాణి వాణిజ్య ఒప్పందం సైటిస్ 1975లో అమల్లోకి వచ్చింది. అంతకుముందు జంతు వ్యాపారులు ఓడల్లో, విమానాల్లో ఎక్కించి పంపినవే నేటి జూల పాత వంశాలకు చాలావరకు మూలం. ఇప్పుడు అడవి నుంచి కొత్త రక్తం రావడం చాలా తక్కువ. వచ్చినా అనాథగా దొరికిన పిల్లో, దెబ్బతిని తిరిగి వదలలేని జంతువో అయి ఉంటుంది.

రెండో అడ్డంకి పశువైద్యం నుంచి వస్తుంది. పందిని పోలిన పెకారీ, పుడు, ఒంటె కుటుంబపు వికునా వంటి చీలిన గిట్టల జంతువులకు గాలికుంటు వ్యాధి సోకుతుంది. ఆ వ్యాధి లేని దేశాలు తమ పశుసంపదను కాపాడుకోవడానికి, వ్యాధి ఉన్న ప్రాంతాల నుంచి ఇలాంటి జంతువులను రానివ్వవు, రానిచ్చినా కఠినమైన క్వారంటైన్ పెడతాయి. పరాగ్వే చాకో మైదానంలో ఉన్న చాకో పెకారీ బయటి ప్రపంచంలో వేళ్ల మీద లెక్కపెట్టే చోట్లే ఉండడానికి ఇదొక పెద్ద కారణం. ఈ జంతువు చరిత్ర కూడా చిత్రమే. 1930లో శిలాజంగా పేరు పెట్టారు, అంతరించిపోయిందనే అనుకున్నారు, 1970లలో బతికే ఉందని శాస్త్రవేత్తలు గుర్తించారు. చాకో పల్లెల వాళ్లకు మాత్రం అది ఎప్పుడూ తాగ్వానే, వేటాడి తినే జంతువే. టాపిర్‌కు చీలిన గిట్టలు లేవు. అది గుర్రం, ఖడ్గమృగాల వైపు బంధువు కాబట్టి ఈ నిబంధన దాన్ని అంతగా తాకదు.

మూడోది కొత్తది, కొంచెం తికమకపెట్టేది. స్థానికం కాని జాతులు తప్పించుకుని అడవిలో స్థిరపడతాయన్న భయంతో యూరోపియన్ యూనియన్ 2014లో ఒక నియంత్రణ తెచ్చి, 2016లో 37 జాతుల తొలి జాబితా ప్రకటించింది. రకూన్ బంధువైన, పొడవాటి ముక్కున్న దక్షిణ అమెరికా కోటీ అందులో ఉంది. జాబితాలో ఉన్న జంతువును సాధారణంగా కొత్తగా తేకూడదు, పిల్లల్ని కననివ్వకూడదు. ఉన్నవాటిని మాత్రం చివరిదాకా పోషించవచ్చు. ఫలితం ఊహించదగ్గదే. ఒకప్పుడు యూరప్‌లో చిన్నా పెద్దా అన్ని జూల్లో కనిపించిన కోటీ గుంపులు ముసలివై తగ్గిపోతున్నాయి. అడవిలో ఏ ఢోకా లేని జంతువు జూలో అరుదవుతోంది, అదీ కేవలం ఒక జాబితా వల్ల.

రెండో వడపోత: పొట్ట

అనుమతి దొరికినా జంతువు బతకాలి. దక్షిణ అమెరికా క్షీరదాల విషయంలో జూలు ఎక్కువగా ఓడిపోయింది తిండి దగ్గరే.

1776లో బ్యూనస్ ఎయిరెస్ నుంచి స్పెయిన్ రాజు మూడో కార్లోస్‌కు ఒక జెయింట్ యాంట్‌ఈటర్‌ను పంపారు. రాజు దాని బొమ్మ గీయించాడు. ఆ చిత్రం ఇప్పటికీ మాడ్రిడ్‌లో ఉంది. జంతువు మాత్రం నెలల్లోనే చచ్చిపోయింది. ఏమి పెట్టాలో ఎవరికీ తెలియదు మరి. అడవిలో అది రోజుకు 30,000 దాకా చీమలు, చెదలు తింటుంది. పళ్లు లేవు. సుమారు 60 సెంటీమీటర్ల నాలుకను నిమిషానికి 150 సార్ల దాకా ఆడిస్తుంది. ఒక్కో పుట్ట దగ్గర ఎక్కువసేపు నిలవదు, సైనిక చీమలు తేరుకునేలోపే పక్క పుట్టకు వెళ్లిపోతుంది. శరీర ఉష్ణోగ్రత సుమారు 33 డిగ్రీలు, క్షీరదాల్లో బాగా తక్కువ. అంత తక్కువ శక్తినిచ్చే తిండితో అంత పెద్ద ఒళ్లు నడవాలంటే పొయ్యి సన్నగా మండాల్సిందే.

అన్ని చీమలు రోజూ ఏ జూ తేగలదు? అందుకే పాత రోజుల్లో పాలు, గుడ్లు, ఖైమా, కుక్కల మేత కలిపి జావ చేసి పోసేవారు. జంతువులు బతికాయి, కానీ మూల్యం చెల్లించాయి. విరేచనాలు పలచబడి ఆగేవి కావు. చిన్న బంధువు తమాండువాలో కె విటమిన్ తక్కువై రక్తస్రావం కనిపించింది. మరోపక్క మాంసం మేతల్లోని ఏ, డీ విటమిన్లు మోతాదు మించి వెన్నుపూసల మీద ఎముక పొరలు పెరిగాయి. ఒకటి తక్కువ, ఇంకోటి ఎక్కువ, రెండూ ఒకే గిన్నెలోంచి. ఇప్పుడు కీటకాహారుల కోసమే తయారైన పొడి మేతను నీళ్లలో నానబెట్టి జావగా ఇస్తున్నారు. పైపెచ్చు మెత్తటి అవకాడో. దాన్ని గోళ్లతో చీల్చి లోపలి గుజ్జు నాకడం ఈ జంతువులకు మహా ఇష్టం. బోనులో కుళ్లిన దుంగలు, మట్టి కుప్పలు పెట్టేది అందం కోసం కాదు, ముందుకాళ్ల గోళ్లు అరగడానికీ నాలుకకు పని దొరకడానికీ.

స్లాత్‌ల సంగతి ఇంకా స్పష్టంగా ఉంటుంది. జూల్లో కనిపించేది దాదాపు ఎప్పుడూ రెండు వేళ్ల స్లాత్. ఆకులతో పాటు కూరగాయలు, పండ్లు కూడా తింటుంది, సర్దుకుపోతుంది. మూడు వేళ్ల స్లాత్ తాజా ఆకుల మీదే బతుకుతుంది. ఏ చెట్ల ఆకులు తినాలో పిల్ల తల్లి ఒడిలోనే నేర్చుకుంటుంది. తిన్న ఆకు పొట్టలో సూక్ష్మజీవుల దగ్గర పులిసి బయటికి రావడానికి రోజులు, వారాలు పడుతుంది. ఒళ్లు చల్లబడితే ఆ సూక్ష్మజీవుల పని మందగిస్తుంది. అప్పుడు పొట్ట నిండా ఆకు ఉండగానే జంతువు ఆకలితో చావచ్చు. బయటినుంచి చూస్తే కడుపు నిండుగానే కనిపిస్తుంది కాబట్టి కీపరుకు ప్రమాదం ఆలస్యంగా తెలుస్తుంది. దక్షిణ, మధ్య అమెరికాల బయట దీన్ని నిలబెట్టగలిగిన చోట్లు అతి కొద్ది. డల్లాస్ వరల్డ్ అక్వేరియం పేరు వినిపించేది అందుకే.

మేన్డ్ వుల్ఫ్ పేరులో తోడేలు ఉంది కదా అని మాంసమే పెడితే మూత్రంలో సిస్టిన్ అనే అమైనో ఆమ్లం పేరుకుని రాళ్లు కడతాయి. ఈ జాతిలో సిస్టినూరియా లోపం విస్తారంగా ఉంది, ప్రోటీన్ ఎక్కువైన కొద్దీ బెడద పెరుగుతుంది. అడవిలో దాని తిండిలో దాదాపు సగం మొక్కల నుంచే వస్తుంది, ముఖ్యంగా లోబెయిరా అనే టమాటా లాంటి పండు. ఆ పండు పేరుకే 'తోడేలు పండు' అని అర్థం.

చిన్న కోతుల సమస్య ఎండతో ముడిపడింది. అమెరికా ఖండాల కోతులకు డీ2 రకం విటమిన్ సరిగా పనికిరాదు, డీ3 కావాలి, అదీ మోతాదు ఎక్కువగా. సాధారణ గాజు అతినీలలోహిత బి కిరణాలను అడ్డుకుంటుంది. దాంతో గాజు గదిలో మంచి తిండి తింటూనే ఎముకలు మెత్తబడి కోతులు చచ్చుబడిపోయేవి. కేజ్ పెరాలిసిస్ అని పాత కీపర్లు పిలిచినది ఇదే. డీ3 కలిపిన మేత, ఆరుబయటి ఆవరణ, యూవీ దీపాలు వచ్చాకే టామరిన్‌లు కుదురుకున్నాయి. అయినా బ్రెజిల్‌లోని మనావుస్ నగరం చుట్టుపక్కల మాత్రమే ఉండే పైడ్ టామరిన్ ఇప్పటికీ మొండికేస్తుంది. సన్నబడిపోయి, విరేచనాలతో కృశించే 'వేస్టింగ్' జబ్బు దీనికి ఇతర టామరిన్‌ల కంటే తేలిగ్గా వస్తుంది. అడవిలో అది తీవ్ర ప్రమాదంలో ఉన్న జాతి, జూలో కూడా అరుదే. రెండు అరుదులూ కలిసిన కొద్ది జంతువుల్లో అదొకటి.

జెయింట్ ఆటర్, అంటే 1.8 మీటర్ల దాకా పొడవు పెరిగే నీటికుక్క, రోజుకు కిలోల కొద్దీ చేపలు తింటుంది. గడ్డకట్టించి నిల్వ ఉంచిన కొన్ని రకాల చేపల్లో థయమినేజ్ అనే ఎంజైమ్ బీ1 విటమిన్‌ను నాశనం చేస్తుంది. బీ1 మాత్రను చేప మొప్పల్లో దోపి ఇవ్వడం రోజువారీ పని. అది తప్పితే నాడీ వ్యవస్థ దెబ్బతింటుంది.

మూడో వడపోత: జంట, గుంపు, ఏకాంతం

తిన్నది ఒంటబట్టినా వంశం నిలవాలి. గోల్డెన్ లయన్ టామరిన్ 1970ల తొలినాళ్లలో జూల్లో అంతరించే దారిలో ఉండేది. పుట్టిన కవల పిల్లల్ని తల్లిదండ్రులే వదిలేసేవారు. వాషింగ్టన్ నేషనల్ జూలో డెవ్రా క్లైమన్, బ్రెజిల్‌లో అడెల్మార్ కోయింబ్రా-ఫిల్హో చేసిన పనితో కారణాలు తెలిశాయి. ఈ కోతుల్లో పిల్లల్ని తండ్రి మోస్తాడు, పెద్ద పిల్లలు తమ్ముళ్లను చెల్లెళ్లను మోస్తూ పెంపకం నేర్చుకుంటారు. తొందరపడి పిల్లల్ని విడదీసి వేరే బోనుకు పంపితే వాళ్లకు ఆ చదువు ఉండదు. తర్వాత వాళ్లకు పుట్టినవి చస్తాయి. కుటుంబాన్ని కలిపి ఉంచడం, ప్రోటీన్ పెంచడం, జంటలను బంధుత్వం చూసి కలపడం మొదలయ్యాక సంఖ్య వేగంగా పెరిగింది. ఎంత వేగంగా అంటే, తర్వాతి సమస్య గర్భనిరోధకం అయింది.

బుష్ డాగ్‌ల విషయంలో పాత పొరపాటు మగదాన్ని తీసేయడం. చాలా మాంసాహారుల్లో ఈనే ముందు మగను వేరు చేయడం మామూలు పద్ధతి. బుష్ డాగ్ గుంపు జంతువు. మగ పక్కన ఉండి పిల్లల్ని కాస్తేనే ఆడది నిశ్చింతగా పాలిస్తుంది. వేరు చేసిన చోట పిల్లలు దక్కలేదు. పీటర్ విల్హెల్మ్ లుండ్ బ్రెజిల్ గుహల్లో దొరికిన ఎముకలతో ముందు శిలాజంగా వర్ణించిన జంతువు ఇదే. బతికున్నది తర్వాత దొరికింది. శిలాజం ముందు, ప్రాణి తర్వాత అన్న వరుస ఈ ఖండంలో చాకో పెకారీ ఒక్కదానిదే కాదన్నమాట.

జెయింట్ ఆటర్ తల్లికి చప్పుడు పడదు. అలజడి అయితే పాలు ఎండిపోతాయి, పిల్లల్ని నోట కరుచుకుని అటూ ఇటూ మారుస్తూనే ఉంటుంది, చివరికి పిల్లలు చస్తాయి. అందుకే ఈనడానికి సిద్ధంగా ఉన్నప్పుడు కీపర్లు లోపలికి పోరు, గూటిపెట్టెలో కెమెరా పెట్టి దూరం నుంచి చూస్తారు. ఆవరణలో నీళ్లెన్ని ఉన్నా మెత్తటి నేల ఎక్కువగా ఉండాలి. గచ్చు నేల మీద తిరిగితే పాదాలు పుండ్లు పడతాయి. కొత్తగా కడుతున్నప్పుడు కొలను మీదే డబ్బంతా పెట్టి నేలను మరిచిపోవడం తరచూ జరిగిన తప్పు.

కొన్నిటికి జంట సమస్య కాదు, మొదట తెచ్చిన జంతువుల సంఖ్యే సమస్య. ఆండీస్‌లో 2,000 మీటర్లకు పైన బతికే మౌంటెన్ టాపిర్ ఉత్తర అమెరికాలో ఉన్నది గుప్పెడంత, వాటి పూర్వీకులు ఇంకా తక్కువ. ఒత్తుగా ఉన్ని ఉండడంతో వేడికి తట్టుకోలేదు. కొలరాడోలో సముద్రమట్టానికి సుమారు 2,000 మీటర్ల ఎత్తున్న షయాన్ మౌంటెన్ జూ దాన్ని పెంచిన కొద్ది చోట్లలో ఒకటి కావడం యాదృచ్ఛికం కాదు. కొలంబియాలో కాలీ జూ మరో చోటు.

అమెజాన్ నది డాల్ఫిన్ బోటో ఈ వడపోతలో పూర్తిగా ఆగిపోయింది. 1950ల నుంచి 1970ల దాకా నూటికి పైగా బోటోలను పట్టి అమెరికాకూ ఇతర దేశాలకూ పంపారు. చాలా తొందరగా చచ్చాయి. మగవి పరస్పరం కరుచుకునేవి, సంతానం నిలవలేదు. అమెరికాలో చివరిది పిట్స్‌బర్గ్ జూలోని చకుల్స్, 2002లో పోయింది. జర్మనీలోని డ్యూయిస్‌బర్గ్ జూ 1975లో వెనిజులా నుంచి తెచ్చినవాటిలో మిగిలిన బేబీ 2020లో పోవడంతో యూరప్‌లో ఆ కథ ముగిసింది.

ఎవరు ఏది పెంచుతారు

జూలన్నీ అన్నీ పెంచే కాలం పోయింది. ఉత్తర అమెరికాలో 1981లో ఎస్‌ఎస్‌పీ, యూరప్‌లో 1985లో ఈఈపీ పేరుతో ఉమ్మడి పెంపకం కార్యక్రమాలు మొదలయ్యాయి. ఒక్కో జాతికి ఒక సమన్వయకర్త ఉంటారు. ఏ జంతువు ఎక్కడ పుట్టింది, తల్లిదండ్రులెవరు అన్నది స్టడ్‌బుక్‌లో ఉంటుంది. ఏది ఎక్కడికి పోవాలో, దేనితో జతకట్టాలో ఆ లెక్క చూసి చెబుతారు. అందుకే ఒక జూలో ఏళ్ల తరబడి ఉన్న జంట ఒక్కసారిగా మాయమవుతుంది.

అనుభవం మాత్రం కొన్ని చోట్లే పోగుపడుతుంది. జర్మనీలోని డార్ట్‌మండ్ జూ దక్షిణ అమెరికా జంతువులకు పెట్టింది పేరు. జెయింట్ యాంట్‌ఈటర్, తమాండువా పెంపకంలో మిగతా జూలు సలహా అడిగేది అక్కడే. తమాండువాలకు విడిగా ఒక ఇల్లే ఉంది. టామరిన్‌లకైతే 1959లో మొదలైన జెర్సీ జూ, చాకో పెకారీకైతే బెర్లిన్ టీర్‌పార్క్, అమెరికాలో ఫీనిక్స్ జూ పేరున్న చోట్లు. పరాగ్వేలో 1985లో మొదలైన చాకో కేంద్రం తాగ్వాలను వాటి సొంత పొదల్లోనే పెంచుతోంది. అక్కడ అవి ముళ్ల కాక్టస్‌ను నేల మీద దొర్లించి, ముళ్లు పీకి తింటాయి. యూరప్ చలికాలంలో చూడలేని దృశ్యం అది.

ఖండం వదలనివి మరికొన్ని ఉన్నాయి. సుమారు 20 సెంటీమీటర్ల గోరున్న జెయింట్ ఆర్మడిల్లో, ఆండీస్ పిల్లి, వెముల్ జింక, ఉత్తరపు పుడు విదేశీ జూల జాబితాల్లో వెతకడం వృథా. చిలీలోని విలో విలోలో వెముల్ పెంపకం జరుగుతోంది. పుడుల లెక్క కూడా కదులుతోంది. పెరూ అడవుల నుంచి 2024లో ఒక కొత్త పుడు జాతిని వర్ణించారు. అరచేతిలో పట్టే పింక్ ఫెయిరీ ఆర్మడిల్లో అర్జెంటీనా ఇసుక నేలల్లో భూమి లోపల బతుకుతుంది. పట్టుకున్నవి చాలావరకు దారిలోనో, కొద్ది రోజుల్లోనో చచ్చాయి. దాని ఫొటో ఎంత ప్రచారం పొందినా, దాన్ని చూపిస్తానని ఏ జూ అనకపోవడమే మంచిది.

బోర్డును నమ్మే ముందు

పేరు పలక మీద వాడుక పేరు కంటే శాస్త్రీయ నామమే ఆధారం. అది లేని చోట ఒంటి గుర్తులు చూసుకోవాలి. స్లాత్‌కు వెనక కాళ్లు చూసి లాభం లేదు, రెండు రకాలకూ వెనక మూడేసి వేళ్లే. ముందుకాళ్లు చూడాలి. రెండు వేళ్లు, పంది ముట్టె లాంటి ముక్కు, తోక లేకపోతే ఒకటి. మూడు వేళ్లు, కళ్ల పక్కన నల్ల చార, చిన్న తోక ఉంటే రెండోది.

నీళ్లలో బతికే శాకాహార క్షీరదం మానటీ దగ్గర పొరపాటు ఇంకా తరచుగా జరుగుతుంది. 'అమెజాన్' పేరు పెట్టిన ఇళ్లలో కూడా ఉండేది దాదాపు ఎప్పుడూ వెస్టిండియన్ మానటీయే. న్యూరెంబర్గ్‌లో 2011లో తెరిచిన మానటీ ఇంట్లోనిది కూడా అదే. నిజమైన అమెజాన్ మానటీకి ఈత రెక్కల మీద గోళ్లుండవు. లాటిన్ పేరు ఇనుంగ్విస్‌కు అర్థమే గోళ్లు లేనిదని. పొట్ట మీద తెల్ల మచ్చ ఉండడం మరో గుర్తు. దాన్ని చూడాలంటే మనావుస్‌లోని ఇన్పా పరిశోధనా సంస్థకు వెళ్లడం నమ్మదగిన దారి. అక్కడ అనాథ పిల్లల్ని పాలిచ్చి పెంచుతారు.

లయన్ టామరిన్‌లలో ఒళ్లంతా బంగారు రంగు ఉంటే గోల్డెన్. నల్లటి ఒంటికి బంగారు జూలు ఉంటే గోల్డెన్ హెడెడ్. నల్లగా ఉండి తోక మొదట్లో మాత్రమే బంగారు ఛాయ ఉంటే బ్లాక్ లయన్ టామరిన్, అంతరించిందనుకున్నాక 1970లో కోయింబ్రా-ఫిల్హో మళ్లీ కనుగొన్నది. మూడోది కనిపిస్తే ఆగి నిదానంగా చూడాలి, మళ్లీ దొరకడం కష్టం.

తిరుగు ప్రయాణం

జూలో పుట్టినవి అడవికి చేరిన ఉదాహరణల్లో గోల్డెన్ లయన్ టామరిన్‌ది ముందు వరుస. 1984లో పోసో దాస్ ఆంటాస్ అభయారణ్యంలో మొదటి విడత వదిలారు. కొమ్మ ఊగుతుందని తెలియని కోతులు, స్థిరమైన కర్రల మీద పెరిగినవి, తొలి రోజుల్లో కిందపడ్డాయి, దారి తప్పాయి. తర్వాతి విడతలకు ముందుగా జూ ఆవరణలోనే చెట్ల మీద తిరగనిచ్చారు. 2014లో అడవిలో సుమారు 3,700 ఉన్న కోతులు ఎల్లో ఫీవర్ దెబ్బకు 2,500కు పడిపోయాయి. 2023 గణనలో 4,800కు చేరాయి. విదేశీ జూల్లోని ఈ కోతుల యాజమాన్యం 1990ల నుంచి బ్రెజిల్ ప్రభుత్వానిదే. జూలు కేవలం పోషకులు.

అర్జెంటీనాలో 1980ల తర్వాత కనిపించకుండా పోయిన జెయింట్ ఆటర్‌ను ఇబెరా చిత్తడి నేలల్లోకి తిరిగి తెచ్చే పనికి యూరప్ జూలు జంతువులనిచ్చాయి. 2025లో పిల్లలతో సహా ఒక కుటుంబాన్ని అక్కడ వదిలారు. గిన్నెలోని చేపకు అలవాటుపడ్డవి బతికున్న చేపను వెంటాడడం నేర్చుకోవడానికే ఎక్కువ కాలం పట్టింది.

చూసే వేళ, చూసే తీరు

జెయింట్ యాంట్‌ఈటర్ పడుకుంటే కుచ్చుతోకను దుప్పటిలా కప్పుకుంటుంది. మూలన ఎండుగడ్డి కుప్ప ఉందనుకుని సందర్శకులు వెళ్లిపోతారు. ఆ కుప్ప ఒక పక్క సన్నగా ఊపిరితో లేస్తుందేమో చూడాలి. తల్లి వీపు మీద పిల్ల ఉంటే ఇంకా కష్టం, పిల్ల చార తల్లి చారతో కలిసిపోయి రెండూ ఒకటిగా కనిపిస్తాయి. మేత వేళ ముందుగా తెలుసుకుంటే నయం. చాలా జూలు పారదర్శక గొట్టంలో జావ పెడతాయి, నాలుక పనితీరు దగ్గరగా కనిపించేది అప్పుడే. చలిగా ఉంటే జంతువు బయటికి రాదు, లోపలి ఇల్లు వెతకాలి.

మేన్డ్ వుల్ఫ్ పొద్దుపొడుపు, మునిమాపు జంతువు. మిట్టమధ్యాహ్నం గడ్డిలో పడుకుని చెవులు మాత్రమే పైకి పెడుతుంది. చాలాసార్లు కంటికంటే ముందు ముక్కుకు తెలుస్తుంది. దాని మూత్రం వాసన గంజాయి పొగలా ఉంటుంది. రోటర్‌డామ్ జూలో ఎవరో గంజాయి తాగుతున్నారని పోలీసులను పిలిపించిన ఘటన ఉంది. దొరికిన నిందితుడు ఈ తోడేలే.

స్లాత్ కోసం కంటి ఎత్తున కాకుండా పైకప్పు దగ్గర, వేడి దీపం పక్కన, బంతిలా ముడుచుకున్న గోధుమరంగు ముద్ద కోసం చూడాలి. విసర్జనకు వారానికి ఒకసారి మాత్రమే కిందికి దిగుతుంది కాబట్టి నేల మీద చూడగలగడం అదృష్టమే.

రాత్రి జంతువుల ఇంట్లో పగలూ రాత్రీ తారుమారు చేస్తారు, సందర్శకులున్నప్పుడు చీకటి, మూసేశాక వెలుగు. కళ్లు చీకటికి అలవాటుపడడానికి కనీసం పావుగంట పడుతుంది. ఒక్కసారి ఫోను తెర వెలిగించినా మళ్లీ మొదటికే. పొద్దున తెరవగానే వెళితే దీపాలు అప్పుడే ఆరి ఉంటాయి, జంతువులు నిద్రలేచి తిండి వెతుక్కుంటూ ఉంటాయి.

బయలుదేరే ముందు వెబ్‌సైటులోని జంతువుల జాబితా చూస్తే చాలదు, అది పాతబడి ఉండవచ్చు. ఫలానా జాతి ఇప్పుడు ఉందా, ప్రదర్శనలో ఉందా, తెర వెనక ఉందా అన్న మూడు ప్రశ్నలు విడివిడిగా అడగాలి. మొదటిదానికి ఔనన్న సమాధానం మిగతా రెండిటికీ వర్తించదు. యూరప్ వరకు ఏ జాతి ఏ జూలో ఉందో సోటియర్‌లిస్ట్ అనే జర్మన్ డేటాబేస్‌లో వెతకవచ్చు. అందులో పేరు కనిపించినా ఫోను చేయడం మానకూడదు. ఒక్క జూలోనే మిగిలిన ముసలి జంతువైతే వాయిదా వేయకపోవడం మంచిది.

జెయింట్ ఆటర్ ఆవరణ ముందు అడ్డంగా తాడు కట్టి, గాజుకు తెర వేసి ఉంటే లోపల పిల్లలున్నాయని అర్థం. తల్లిదండ్రులు వాటిని మెడపట్టి నీళ్లలోకి దించి ఈత నేర్పుతారు. మొదట్లో పిల్లలు మునిగిపోయే ప్రమాదం ఉంటుంది. ఆ తాడు తీసే తేదీ జూ వాళ్లకూ ముందుగా తెలియదు. పిల్లలు తమంతట తాము గట్టెక్కడం కెమెరాలో చూశాకే తీస్తారు.